నాలుగు మూరల పన్నా

ఆ ఎండాకాలం మా ఆయన, మా బావ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నెలకు పైగా నేశారు. ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు. ఈయన పేక పోగుతో విసిరిన నాడె ఆయన పట్టుకునేవాడు, ఆయన విసిరింది ఈయన పట్టుకునేవాడు. అటు మనిషికీ ఇటు మనిషికీ మధ్య తిరిగింది ఆ నూలు పోగు ఒక్కటే.

మాది గద్వాల సాలెవాడ. అప్పటికి యుద్ధం మొదలై నాలుగో ఏడు. యుద్ధం ఎక్కడ జరుగుతున్నదో మాకు తెలియదు గాని నూలు మాత్రం మా వీధిలో లేకుండా పోయింది. వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. మగవాళ్లంతా సోలాపురం మిల్లులకు పోయారు. ఉన్నవాళ్లు మగ్గం గుంట మీద చాప పరిచి, దాని మీదే పడుకునేవాళ్లు.

మా ఆయన పేరు మాసయ్య. బావ పెంటయ్య ఆయనకు అన్న. బావకు ఒక్కడే కొడుకు, తిమ్మప్ప. ఇరవై ఏళ్లవాడు. అంతకు ముందటి వానాకాలం, మిల్లులకు కూలీలను పోగుచేసే మేస్త్రి వెంట మా ఆయన సోలాపురం పోయాడు. మర్నాటికి తిమ్మప్ప కూడా ఇంట్లో కనిపించలేదు. చిన్నాయన ఆశపెట్టి పిలిపించుకున్నాడని వీధంతా అన్నది. వాడి తల్లి బాలనాగమ్మ అక్క అప్పుడు నాగర్‌కర్నూల్‌లో పుట్టింట్లో ఉంది. వచ్చి చూసేసరికి కొడుకు లేడు.

దసరా ఇంకా రానేలేదు, తిమ్మప్పకు అక్కడ విషజ్వరం తగిలింది. మాకు కబురు అందేలోపే అన్నీ అయిపోయాయి. మా ఆయన అక్కడే దహనం చేసి, వాడి బట్టల మూట చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. బావ వాకిట్లో నిలబడి ఆ మూట వైపు చూశాడు. ఏడవలేదు.

"తోల్కపోయినోడివి నువ్వు. ఒక్కనివే ఎట్ల వస్తివి?" అన్నాడు.

అంతే. మర్నాడు పొద్దున వాకిలి మధ్య తడిక లేచింది. ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి నన్ను చెల్లెలిలా చూసుకున్న అక్క, మా ఆయన వాకిట్లో ఉన్నాడంటే గడప దాటి బయటికి వచ్చేది కాదు. ఆయన ఇంట్లో లేనప్పుడు మాత్రం తడిక సందులోంచి నాకింత పప్పో పచ్చడో అందించేది.

నేను ఆయనను ఒకసారి అడిగాను, పిల్లవాణ్ని ఎందుకు తీసుకుపోయావని. వచ్చాడు, ఉంచుకున్నాను, ఇంక అడగకు అన్నాడు. నేను అడగలేదు. కాని నా మనసులోనూ ముల్లులాగా ఒకటి ఉండిపోయింది. ఆయన నోరు తెరిచి కాదని ఒక్క మాట అంటే బాగుండుననిపించేది. ఆయన అనలేదు.

ఎండాకాలం వచ్చేసరికి నాకు ఐదో నెల. ఆషాఢంలో మేస్త్రి మళ్లీ వస్తాడు. ఈసారి పోక తప్పదని ఆయన నాతో చెప్పాడు. ఇంట్లో జొన్నలు అడుగంటాయి. సోలాపురం అన్న పేరు వింటే నాకు కడుపులో బిడ్డ కూడా మెదలడం మానేసినట్టుండేది.

అట్లాంటప్పుడు వచ్చాడు ఇమామ్ సాహెబ్.

ఇమామ్ సాహెబ్ కోటలో బొమ్మలు వేసే మనిషి. హైదరాబాదులో ఆ విద్య నేర్చుకుని వచ్చాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం. ఎంత కడిగినా గోళ్లలో రంగు పోయేది కాదు. మా బావ అరుగు మీద కూర్చుని తన కష్టమంతా చెప్పుకున్నాడు. కోటలో పెద్దగది గోడకు జాతర పటం ఒకటి కావాలన్నారట. మనిషి కంటే ఎత్తు, గోడంత పొడుగు. దానికి కావలసిన మందపు గుడ్డ, కాన్వాసు అంటారట, అది సీమ నుంచి వచ్చేది. ఓడలు నడవక ఇప్పుడు రావడం లేదు. బజారు గుడ్డలు రెండు కలిపి కుట్టించి చూశాడట. చట్రానికి లాగి బిగించేసరికి ఆ కుట్టు తాడులాగా లేచి నిలబడిందట. పైన సరేసు జిగురు పూసినా, సుద్ద పూసినా, రంగు వేసినా అది దాగలేదు.

అతుకు లేకుండా నాలుగు మూరల పన్నా, అంత వెడల్పు గుడ్డ కావాలి అన్నాడు. నూలు కోట నుంచి వస్తుంది. ఈ గుడ్డ నిలబడితే ఇంకా కొన్ని పటాలకు కావాలి, అప్పుడు ఏడాది పొడుగునా నూలు మీ ఇంటికే వచ్చేటట్టు చూస్తాను అన్నాడు. ఒకటే షరతు. వానలు పడకముందే గుడ్డ చట్రానికి ఎక్కాలి. తేమ గాలి తగిలితే సరేసు ఆరదు.

నాలుగు మూరల పన్నా అంటే ఒక్క మనిషి చేతులకు అందేది కాదు. మా మామ బతికున్న రోజుల్లో జంఖానాలు నేసిన వెడల్పు మగ్గం ఒకటి బావ వైపు కొట్టంలో ఉంది. దాని మీద ఇద్దరు కూర్చోవాలి. బావ వీధి చివరి వెంకటన్నను పిలిపించి అతనితో మొదలుపెట్టాడు. వెంకటన్న సోలాపురం నుంచి పోయిన శ్రావణంలో తిరిగొచ్చినవాడు. నెమ్మదస్తుడు. కాని అతని చేతి దెబ్బ మెత్తన. మూరెడు నేసేసరికి గుడ్డ ఒక అంచున అట్టలాగా, ఇంకో అంచున వలలాగా తయారైంది. ఇమామ్ సాహెబ్ దాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు చూసి తల అడ్డంగా ఊపాడు.

"లాగినప్పుడు పల్చగున్న దిక్కు సాగిపోతది పెంటయ్యా. ఒక్క చెయ్యి నేసినట్టుండాలె. మీరిద్దరన్నదమ్ములు ఒక్క తండ్రి కాడ నేర్సిండ్రంట గదా."

వాడు తప్ప ఎవరైనా సరే అన్నాడు బావ.

ఎవరైనా అంటే వీధిలో ఎవరున్నారు? అందరికీ తెలిసిన సంగతే. ఇమామ్ సాహెబ్ లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. అప్పుడు లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది. నెలల తరబడి గట్టిగా మాట్లాడని గొంతు.

"రానియ్యి. వీధి తలుపు కెల్లి రావాలె, వీధి తలుపు కెల్లి పోవాలె. నా కండ్ల ముందర వాకిట్ల తిరగొద్దు."

అట్లా మొదలైంది.

పొద్దున్నే ఆయన మా వైపు నుంచి వీధిలోకి దిగి, నాలుగడుగుల దూరంలో ఉన్న అన్న కొట్టానికి పరాయి మనిషిలా వీధి తలుపు తట్టి పోయేవాడు. రెండు పోగులు కలిపి పేనిన మొద్దు నూలు. పడుగు గంజి పెట్టడం, ఆరబెట్టడం, నాడెలో పెట్టే కండెలు చుట్టడం మా ఆడవాళ్ల పని. నేను కొట్టంలో ఒక మూలన రాట్నం ముందు కూర్చునేదాన్ని. బావ ఎదుట నేను నోరు విప్పే పద్ధతి లేదు. తలమీద కొంగు వేసుకుని చుట్టిన కండెలు గంపలో పెట్టి ముందుకు జరిపేదాన్ని. చూడాల్సినవన్నీ ఆ కొంగు కిందనుంచే చూశాను.

మాటలు లేకపోయినా చేతులు కలిసిపోయాయి. చిన్నప్పుడు తండ్రి దెబ్బలు తిని నేర్చుకున్న చేతులవి. ఈయన కాలు నొక్కేసరికి ఆయన కాలు నొక్కేది. పేక పోగును కొట్టి బిగించే అచ్చు మీద నాలుగు చేతులూ ఒకేసారి పడేవి. ఒక్కటే దెబ్బ. వీధిలో పోయేవాళ్లు ఆగి వినేవాళ్లు. ఒకరోజు తలెత్తి చూస్తే లోపలి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. కళ్లు మూసుకుని వింటున్నది. నేను చూశానని తెలియగానే లోపలికి పోయింది.

గుడ్డ మంచిగా వస్తున్నకొద్దీ కొట్టంలో గాలి బిగుసుకుపోయేది. ఒకసారి నడిమధ్యన పడుగు పోగు తెగింది. ముడి వేయడానికి ఇద్దరూ ఒకేసారి వంగారు. వేళ్లు తగిలాయి. బావ నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా ఆయన వంగినవాడు వంగినట్టే ఉండి పోగు ముడివేసి, కొస కొరికి, తన చోటికి జరిగాడు. ఆ తర్వాత ఎంతోసేపు ఎవరూ నాడె ముట్టలేదు. రాట్నం తిప్పితే చప్పుడవుతుందని నేను కూడా ఆపేశాను.

ఇంటికొచ్చాక ఆయన చేతులు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. జొన్నరొట్టె ముందు పెడితే తిన్నాడో లేదో తెలిసేది కాదు. పని చాలిద్దామా అని నేనంటే, చాలిస్తే మేస్త్రి వెంట పోవాలె, పోనా అని అడిగేవాడు. నేను రొట్టె ఆయన ముందుకు జరిపేదాన్ని.

రోహిణి ఎండలు మండిపోతుండగా గుడ్డ మగ్గం దిగింది. ఉతికి ఆరవేస్తే తెల్లటి బండలాగా ఉంది. ఇమామ్ సాహెబ్ మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో నిమిరి, మాషా అల్లా అనుకున్నాడు. కాని అంతటితో ఒప్పుకోలేదు. చట్రం మీద నిలబడినప్పుడే గుడ్డ సంగతి తెలుస్తుందన్నాడు.

చట్రం వడ్రంగి ఖాజా మియా చేశాడు. పాత టేకు దూలం కోసి చేసిన పట్టెలు. మూలల్లో ఒక్క మేకు లేదు. ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చున్నాయి. గుడ్డ వదులైతే కొట్టి బిగించుకోవడానికి మూలమూలకూ చిన్న కట్టె చీలికలు పెట్టాడు. కట్టె అంచు గుడ్డకు ఒత్తుకుని గీత పడకుండా లోపలి వైపు ఏటవాలుగా చిత్రిక పట్టాడు. అంత చట్రం పరవడానికి మా వాకిలి తప్ప ఎక్కడా చోటు లేదు. వాకిట్లోనూ తడిక అడ్డం వచ్చింది. ఖాజా మియా ఎవరినీ అడగలేదు. తడిక గుంజలు నాలుగు పీకి గోడకు ఆనించి, చట్రం తెచ్చి నడి వాకిట్లో పడుకోబెట్టాడు.

ఆ రోజు పొద్దుటి నుంచే గాలిలో తడి ఉంది. పడమటన మబ్బు లేస్తున్నది. ఇమామ్ సాహెబ్ ఆకాశం చూసి, ఇవాళ కాకపోతే కాదు అన్నాడు. సరేసు ఉడికించే పని అక్కకు చెప్పాడు. అక్క వాకిట్లో ఒక పక్కన మూడు రాళ్లు పెట్టి, గిన్నె ఎక్కించి, పుల్లతో కలుపుతూ కూర్చుంది. మా ఆయన వాకిట్లోకి వచ్చినా ఆ రోజు లేచి పోవడానికి వీల్లేకపోయింది. సరేసు మాడిపోతుంది.

గుడ్డ పరిచి, దాని పోగులు చట్రం అంచుకు సూటిగా ఉన్నాయో లేదో ఇమామ్ సాహెబ్ నాలుగు వైపులా తిరిగి చూశాడు. మొదటి మేకు ఒక పట్టె నడిమధ్యన. దానికి ఎదురుగా అవతలి పట్టె నడిమధ్యన లాగి ఇంకొకటి. తర్వాత మిగిలిన రెండు వైపులా. అక్కడి నుంచి ఇటు కొంచెం, అటు కొంచెం, మూలల వైపు జరుగుతూ పోవాలి. ఒక వైపు తొందరపడితే ముడత పుట్టి మూలకు పాకుతుంది, ఇంక అది ఎంతకీ పోదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా పట్కార్లతో గుడ్డ అంచు పట్టి లాగాలి, ఒకరి బలం ఒకరికి ఆనేటట్టు. ఖాజా మియా మేకులు కొడతాడు. నేను మేకుల గిన్నె పట్టుకుని అతని వెనుక.

ఒక వైపు బావ కూర్చున్నాడు. ఎదురుగా మా ఆయన. మగ్గం మీద పక్కపక్కన కూర్చున్నారు గనుక అన్ని రోజులూ ఒకరి ముఖం ఒకరు చూడాల్సిన పని పడలేదు. ఇప్పుడు ముఖాలు ఎదురెదురయ్యాయి. ఇద్దరూ గుడ్డ వైపే చూస్తున్నారు.

మొదట అంతా బాగానే నడిచింది. నడిమి మేకులు పడ్డాయి. గుడ్డ మెల్లగా నేల విడిచి లేచింది. ఇద్దరి మెడ నరాలు ఉబ్బాయి. ఇమామ్ సాహెబ్ చేతి వేలితో గుడ్డ మీద కొడుతూ, ఇటు జర, అటు జర అంటూ చుట్టూ తిరుగుతున్నాడు. మూడో వంతు అయ్యేసరికి దూరంగా ఉరిమింది. అందరికీ చేతులు వేగమయ్యాయి. మా ఆయన వైపు పర్రుమని చప్పుడైంది.

ఒక మేకు దగ్గర గుడ్డ అంచు చిరిగింది. లాగుతున్న బావ వెనక్కి తూలి, నేలకు మోచెయ్యి ఆనించి నిలదొక్కుకున్నాడు. ఇమామ్ సాహెబ్ గబగబా వచ్చి వంగి చూశాడు. మేకు కింద నాలుగు పోగులు తెగాయి అంతే, మడత లోపలికి పోయే చోటు, నష్టం లేదు, దాని పక్కన ఇంకొకటి కొడితే సరి అన్నాడు. కాని బావ ఆ మాట వినలేదు.

"ఇడిసిపెట్టినవ్," అన్నాడు మా ఆయనతో. అన్ని నెలల తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట. "నీకు ఇడిసిపెట్టుడు అలవాటే."

మా ఆయన పట్కారు వదలలేదు. తల వంచుకునే ఉన్నాడు. బావ గొంతు పెరగలేదు. నెమ్మదిగా, ఎన్నాళ్లుగానో లోపల చెప్పుకుంటున్నవి చెప్పినట్టు అన్నాడు.

"ఇంట్ల ఉన్న పిల్లగాన్ని ఆశపెట్టి తోల్కపోయినవ్. పరాయి ఊర్ల పండవెట్టి వచ్చినవ్."

ఖాజా మియా సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. అక్క చేతిలో పుల్ల ఆగింది. మా ఆయన తలెత్తి అన్న ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు అంత భయమయ్యేది కాదు.

"నేను తోల్కపోయిననా అన్నా?"

అది ఒక్కటే అడిగాడు. బావ ఔను అనేసి ఉండవచ్చు. అంటే ఎవరూ కాదనేవాళ్లు లేరు. భార్య వింటున్నది, నేను వింటున్నాను, ఇద్దరు బయటివాళ్లు వింటున్నారు. అందరం నమ్మిన మాటే అది. బావ నోరు తెరిచాడు. గుడ్డ ఇటు అంచు దాకా అదిరింది.

"లేదు," అన్నాడు. "నేనే పొమ్మన్న."

బావ గుడ్డ వైపు చూస్తూ చెప్పుకుపోయాడు. నూలు లేదు, ఇంట్లో గింజ లేదు, ఇరవై ఏళ్లవాడివి కూర్చుని తింటావా, ఎక్కడికైనా పోయి బతుకు అన్నాడట. కొట్టంలో ఎవరూ లేనప్పుడు. తెల్లవారి లేచి చూస్తే వాడు లేడట.

"వాడు నీకు చెప్పిండా?" అని అడిగాడు.

"చెప్పిండు. రాయచూర్ టేషన్ల నన్ను కలిసిండు. మర్లిపో అన్న. నాయిన పిలిస్తె పోత అన్నడు." మా ఆయన పట్కారు బిగించి పట్టుకున్నాడు. "శ్రావణంల వెంకటన్న ఊరికి వచ్చినప్పుడు నీకు కబురు పంపిన."

"వచ్చింది కబురు," అన్నాడు బావ. "దసరాకు పిలుద్దామనుకున్న."

నేను అక్క వైపు చూడలేకపోయాను. చూడకుండా ఉండలేకపోయాను. అక్క పొయ్యి ముందు కూర్చున్నచోటే ఉంది. ముఖంలో ఏమీ లేదు. రక్తమంతా ఎటో పోయినట్టు పెదవులు తెల్లగా ఉన్నాయి. ఆమె లేస్తుంది, ఆ ఉడుకుతున్న గిన్నె ఎత్తి మొగుడి మీద పోస్తుంది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. బావ కూడా అదే అనుకున్నాడేమో, కళ్లు మూసుకున్నాడు. ఇమామ్ సాహెబ్ గోడ వైపు తిరిగి గడ్డం నిమురుకుంటున్నాడు. మా ఆయన, బావ ఇద్దరూ చెరొక వైపు గుడ్డ పట్టుకునే ఉన్నారు. ఒకరు వదిలితే అప్పటిదాకా పడ్డ మేకులన్నీ వదులైపోతాయి.

మళ్లీ ఉరిమింది.

"సరేసు గడ్డకడ్తది," అంది అక్క. "కానియ్యుండ్రి."

అంతే అంది. పుల్ల మళ్లీ గిన్నెలో తిరగడం మొదలైంది. ఖాజా మియా నా వైపు చెయ్యి చాపాడు. నేను మేకు ఇచ్చాను. ఇద్దరూ లాగారు. చిరిగిన చోటు పక్కన మేకు పడింది. ఆ తర్వాత ఎన్ని మేకులు పడ్డాయో, ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మూలలు మడిచేటప్పుడు మాత్రం ఇమామ్ సాహెబ్ మళ్లీ నోరు విప్పి, ఎట్లా మడవాలో చూపించాడు. అక్క గిన్నె దించి తెచ్చింది. ఇమామ్ సాహెబ్ వెడల్పాటి కుంచె ముంచి నడిమధ్య నుంచి అంచులకు సరేసు పూశాడు. పూసినంతసేపు గుడ్డ మెత్తబడి, ఈ కష్టమంతా పోయిందేమో అనిపించేటట్టు కొంచెం కుంగింది. ఆరుతున్నకొద్దీ బిగిసింది. చివరికి ఇమామ్ సాహెబ్ వేలితో కొడితే డప్పులాగా మోగింది.

మొదటి చినుకులు పడేసరికి అందరం చట్రం ఎత్తి కొట్టంలోకి చేర్చాం. అక్క కూడా ఒక మూల పట్టింది.

చినుకులు పడుతుండగానే మా ఆయనను అడిగాను, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని. ఆయన చేతులకు అంటిన సరేసు గీకుకుంటున్నాడు.

"చెప్తె పిల్లగాడు మర్లొస్తడా? ఎవ్వరో ఒకరి మీద కోపం ఉండాలె వదినకు. నా మీద ఉంటె ఏమాయె. ఆమె బతకాల్సింది అన్నతోని."

నేను ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు. సరేసు గీకుకుంటూనే ఉన్నాడు.

ఆ తర్వాతి రోజులు అంతకు ముందటివాటి కంటే కష్టంగా గడిచాయి. వాకిట్లో తడిక మళ్లీ ఎవరూ పాతలేదు. కాని ఇప్పుడు బావకూ అక్కకూ మధ్య మాటలు పోయాయి. అక్క పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేది, వండేది, ఆయన గిన్నె గడప అవతల పెట్టేది. ఆయన తిన్నాక తీసి కడిగేది. ఒక్క మాట లేదు, ఒక్క నిష్ఠూరం లేదు. తిట్టినా బాగుండును అని ఒకసారి బావ నన్ను ఎదురుగా పెట్టుకునే అనేశాడు, నాతో మాట్లాడకూడదన్న పద్ధతి కూడా మరిచిపోయి. నెలలోనే మనిషి వంగిపోయాడు. కొట్టంలోకి పోయి, ఖాళీ మగ్గం ముందు కూర్చుని వచ్చేవాడు. అక్క ఎప్పుడు ఏ బావిలో దూకుతుందోనని నేను, బావ ఎప్పుడు ఏ దూలానికి ఉరి పోసుకుంటాడోనని మా ఆయన, పగలంతా ఆ వైపు ఒక చెవి వేసుకుని ఉండేవాళ్లం.

ఇమామ్ సాహెబ్ కోట బండి పంపి చట్రం తీసుకుపోయాడు. సుద్ద రెండు పూతలు పట్టిందని, ఎక్కడా పగుళ్లు లేవని, బొమ్మ మొదలుపెట్టానని కొన్నాళ్లకు కబురు చేశాడు. వెనకాలే నూలు మూటలు వచ్చాయి. మేస్త్రి ఆషాఢంలో వచ్చి అరుగు మీద కూర్చుంటే, ఈ ఏడు రాను అని మా ఆయన చెప్పాడు. ఆ మాట వింటూ నేను లోపల గోడ పట్టుకుని నిలబడ్డాను.

మేస్త్రి పోయిన మరుసటి పొద్దున అక్క మా వైపు వచ్చింది. తిమ్మప్ప పోయాక మా గడప తొక్కడం అదే మొదలు. నేను పీట వేశాను. కూర్చోలేదు. మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె ఆయనను క్షమించమని అడుగుతుందేమోనని నేను అనుకున్నాను. ఆయనకు కూడా అదే భయం ఉన్నట్టుంది, ముఖం దించుకున్నాడు. ఆమె అట్లాంటిదేమీ అనలేదు.

"మాసయ్యా, నన్ను సోలాపురం తోల్కపో. పిల్లగాన్ని కాల్చిన జాగ చూస్త."

అక్కడ ఏమీ లేదు వదినా, వట్టి ఏటి ఒడ్డు అన్నాడాయన. ఏమీ లేకపోయినా సరే అంది ఆమె.

రాయచూరు దాకా బండి, అక్కడి నుంచి రైలు. బండి మాట్లాడాడు ఆయన. నేను కడుపుతో ఉన్నాను గనుక ఇంటి దగ్గరే ఉండాలి. రొట్టెలు కాల్చి మూట కట్టాను. తెల్లవారుతుండగా బండి వాకిట్లోకి వచ్చింది. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. అక్క ఎక్కి, పరిచిన గడ్డి మీద కూర్చుని, మూట పక్కన పెట్టుకుంది. బావతో పోతున్నానని చెప్పలేదు. ఆయన అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. రమ్మని అన్నవాళ్లు లేరు. రావద్దని అన్నవాళ్లూ లేరు.

బండి కదిలింది. వీధి మలుపు దగ్గరికి పోయిందో లేదో, బావ అరుగు దిగాడు. తువ్వాల భుజం మీద వేసుకుని, చెప్పులు కూడా లేకుండా దాని వెనుక నడవడం మొదలుపెట్టాడు. పరుగెత్తలేదు. అందుకోవాలన్నట్టూ లేడు. ఊరి బయటిదాకా, అటుపైన రాయచూరు దాకా అట్లాగే నడిచిపోతాడేమో అనిపించింది. నేను కడుపు పట్టుకుని ఆయన వెనుక వీధి మలుపు దాకా నడిచాను.

మా ఆయన చూసి బండి ఆపించాడు. తాను దిగి, బండి తోలేవాడి పక్కన పోయి కూర్చున్నాడు. బావ బండి వెనుక నిలబడ్డాడు, చెయ్యి బండి అంచు మీద వేసి. అక్క ఆయన వైపు చూడలేదు. చాలాసేపు రోడ్డు వైపే చూస్తూ ఉంది. తర్వాత పక్కన ఉన్న రొట్టెల మూట తీసి ఒళ్లో పెట్టుకుంది.

బావ ఎక్కి ఖాళీ అయిన ఆ జాగాలో, కాళ్లు బయటికి వేలాడేసి, అంచు మీదనే కూర్చున్నాడు. బండి మళ్లీ కదిలింది. అప్పుడే జల్లు మొదలైంది. అక్క గొంతు నాకు వినిపించింది, ఎవరితోనో మామూలుగా అన్నట్టు.

"కాళ్లు లోపలికి వెట్టుకో. తడుస్తవ్."